నిప్పు ముందర ఒకే మాట



అనంతపురపు మెట్టసీమలో నీటి విలువను గూర్చి మీకు నేను చెప్పవలసినది లేదు. ఏడాది పొడుగునను కురిసెడి వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. అదియైనను అదనునకు వచ్చునన్న నమ్మకము లేదు. పైరునకు నీరు, పశువునకు నీరు, మనిషికి నీరు అని మూడు లెక్కలు వేసికొనుట మనకు అలవాటు. నాలుగవ లెక్క యొకటి కలదు. అది నిప్పునకు నీరు. నిప్పు లేచిన నాడు గాని ఆ లెక్క మనకు జ్ఞప్తికి రాదు. ఆనాడు దానిని వేయవలసినవాడు అగ్నిమాపక శాఖాధికారి. ఆ విద్యను అతడు ఎట్లు నేర్చుకొనును, మంటయెదుట నిలిచి మనుషులను ఎట్లు నడపును, అతనినుండి గ్రామపెద్దలు గ్రహింపదగిన దేమి యను విషయములను ఈపూట మీకు మనవి చేసెదను.

నిప్పు నార్పుట యనగా నీళ్ళు పోయుట యని సామాన్యుల తలంపు. అది సగము మాత్రమే నిజము. మూడు రాళ్ళమీద కుండ నిలిచినట్లు నిప్పు మూడింటిమీద నిలిచియుండును. కాలెడి వస్తువు మొదటిది, వేడి రెండవది, గాలి మూడవది. ఇందులో ఏ యొక్క రాయిని లాగివేసినను కుండ పడిపోవును. నీరు పోసినచో వేడి తగ్గును. మన్ను చల్లినను తడిగోనె కప్పినను గాలి యాగును. కాలుచున్నదాని ప్రక్కనున్న గడ్డిని దూరముగా లాగివేసినచో నిప్పునకు మేత దొరకదు. నీరు సమృద్ధిగానున్న సీమలో మొదటి ఉపాయమొక్కటియే చాలును. మన సీమలో తక్కిన రెండును సమానముగా పనికిరావలెను. ఏ చోట ఏ ఉపాయము, ఎందరితో, ఏది ముందు ఏది వెనుక యని నిర్ణయించుట వ్యూహము. భయముతోను తొందరతోను ఉన్న మనుషులచేత ఆ నిర్ణయమును చేయించుట నాయకత్వము. ఈ రెండును పుట్టుకతో వచ్చునవి కావు, నేర్చుకొనవలసినవి.

మొదట నీటి లెక్క చూతము. మన ప్రాంతమున తిరుగు ఫైరింజనులలో చాలవానికి 4,500 లీటర్ల తొట్టి యుండును. ఒక గొట్టమునుండి నిమిషమునకు 450 లీటర్ల చొప్పున నీరు వదలినచో ఆ తొట్టి పది నిమిషములలో ఖాళీ యగును. రెండు గొట్టములు వదలినచో అయిదు నిమిషములే. మరల నింపుకొనుట ఎక్కడ? నిమిషమునకు 100 లీటర్లు పోయు బోరుబావి దొరికినచో నింపుటకు 45 నిమిషములు పట్టును. అంతవరకు నిప్పు మనకొరకు ఆగియుండదు. ఊరిబయట దిగుడుబావి యున్నది గదా యని మీరనవచ్చును. గట్టుమీద నిలిపిన పంపు నీటిని పైకి లాగుచున్నట్లు మనకు కనబడునే గాని, నిజమునకు బయటి గాలి బరువే నీటిని గొట్టములోనికి నెట్టుచున్నది. ఆ బరువునకు పది మీటర్ల యెత్తు హద్దు. ఆచరణలో ఏడెనిమిది మీటర్లకు మించి సాధ్యము కాదు. కాబట్టి పదిహేను మీటర్ల లోతున తళతళలాడు నీరు కంటికి కనబడునే కాని గట్టుమీది ఫైరింజనుకు అందదు. ఈ కారణముచేతనే కరవుసీమలో పనిచేయు అధికారి బండి యెక్కునప్పుడే ‘మంట యెక్కడ’ అను ప్రశ్నతోపాటు ‘నీరెక్కడ’ అని కూడ అడుగవలెను.

ఇక అతని శిక్షణ. మనదేశమున అగ్నిమాపకాధికారులకు ఉన్నతశిక్షణ నిచ్చుటకు 1956లో ఉత్తరప్రదేశములోని రాంపురమున జాతీయ కళాశాల నొకదానిని స్థాపించిరి. మరుసటి యేడు, 1957లో, దానిని నాగపురమునకు మార్చిరి. అది కేంద్ర ప్రభుత్వపు హోంశాఖ క్రింద నడచుచున్నది. పంపులు, నిచ్చెనలు, గొట్టములు, శ్వాసయంత్రములు ఇట్టివాని వాడుక నేర్చుట అధికారి చదువులో మొదటి మెట్టు. మనసునకు పెట్టు పరీక్ష ఆపై మెట్టు. బల్లమీద ఊరి నమూనాను పరచి, విద్యార్థిని దాని యెదుట నిలువబెట్టి, ఆపద కల్పించి, ‘ఇప్పుడేమి చేసెదవు?’ అని యడుగుట అందొక పద్ధతి. ఆ పద్ధతి మీకు బోధపడుటకై మన సీమకు తగిన ఊరి నొకదానిని ఊహించి చెప్పెదను. ఈ ఊరు కల్పితము. ఇందలి చిక్కులు మాత్రము కల్పితములు కావు.

చైత్రమాసము, మిట్టమధ్యాహ్నము. పడమటి గాలి వీచుచున్నది. ఊరికి పడమట వేరుశనగకట్టె వాములు మూడు వరుసగా నున్నవి. మొదటి వామి అంటుకొన్నది. మూడవ వామికి తూర్పున బోదకొట్టము, అందులో రెండు ఎద్దులు, ఒక ముసలమ్మ. ఆపై ఇరుకుసందు, ఆ సందున వరుసగా పది కొట్టములు, నడుమ నొక మిద్దె. వచ్చినది ఒకే ఫైరింజను. రెండవది వచ్చుటకు ముప్పావు గంట పట్టును. విద్యార్థీ, చెప్పుము.

క్రొత్తవాడు సాధారణముగా చేయు పొరపాటు ఒకటి కలదు. మంట పెద్దదిగా నున్న చోటికే గొట్టము త్రిప్పును. చూచువారును ‘అక్కడ కొట్టుడు, అక్కడ కొట్టుడు’ అని కేకలు వేయుదురు. కాని మొదటి వామి అప్పటికే పోయినది. ఉన్న 4,500 లీటర్లును దానిమీద పోసినచో పది నిమిషములలో నీరును పోవును, గాలివాలునకున్న ఊరును పోవును. శిక్షణ పొందినవాడు వేరువిధముగా ఆలోచించును. అన్నిటికన్న ముందు ప్రాణము: కొట్టములోని ముసలమ్మను వెలుపలికి తెచ్చుట, ఎద్దుల పలుపులు కోయుట. రెండవది, నిప్పు ఉన్న చోటును గాక పోబోవు చోటును చూచుట: గొట్టము నొకదానిని గాలివాలున నిలిపి, కొట్టపు కప్పులను తడుపుట. మూడవది, మేత తీసివేయుట: కొంకికఱ్ఱలతో మూడవ వామిని లాగించి ఊరికిని నిప్పునకును నడుమ ఖాళీ నేల కల్పించుట. నాలుగవది, రెండవ ఇంజనును ఇప్పుడే పిలుచుట. నీరైపోయిన పిమ్మట పిలుచువాడు ముప్పావు గంట ఆలస్యముగా పిలిచినవాడు. ఇవన్నియు సాగుచుండగా కాలుచున్న వామి సంగతి చూచుట. దానిని విడదీసి, పొరపొరగా తడిపి, ఆ రాత్రియంతయు కావలి పెట్టవలెను. వామి పైన చల్లారినను లోపల నిప్పు రాజుకొనుచునే యుండును.

అంతటితో పరీక్ష ముగియదు. ఉపాధ్యాయుడు మరల ననును: ‘గాలి తిరిగినది. ఒక పిల్లవాడు కనబడుట లేదు. మిద్దెలో గ్యాసు బండ యున్నదట. ఇప్పుడు?’ ఒకసారి వేసిన ఎత్తును పట్టుకొని వ్రేలాడువాడు ఇక్కడ తప్పును. మంట మారినకొలదియు ఎత్తు మారవలెను. కలతలో సయితము ప్రాణము, గాలి, మేత, నీరు, సహాయము అను వరుస తప్పక తలపునకు వచ్చువరకు ఈ అభ్యాసమును చేయింతురు. మనమెఱిగిన చదువులోనే దీనికి పోలిక కలదు. ఎక్కము వచ్చినవాడు నిద్రలో లేపి యడిగినను చెప్పును.

తరువాతిది ఆజ్ఞ. ఆజ్ఞ పొట్టిదిగా నుండవలెను. ఎవరు, ఏమి, ఎక్కడ అను మూడును అందుండవలెను. ‘కొంచెము ఆ ప్రక్క చూడుడు’ అన్నది ఆజ్ఞ కాదు. ‘మీరిద్దరు తూర్పు కొట్టపు కప్పు తడుపుడు, నేను పిలుచువరకు కదలవలదు’ అన్నది ఆజ్ఞ. విన్నవాడు దానిని తిరిగి పలుకవలెను. ఒక నాయకుడు ఒకేమారు ముగ్గురినుండి ఏడుగురి వరకు నడపగలడనియు, అయిదుగురైనచో మేలనియు అనుభవజ్ఞులు నిర్ణయించిరి. అంతకు మించినచో నడుమ చిన్ననాయకులను ఏర్పరుపవలెను. 1970లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున అడవులు తగులబడినప్పుడు పలుశాఖలవారు వచ్చి, ఒకరి మాట ఒకరికి తెలియక చిక్కుపడిరి. దానిపై వారు ఏర్పరచుకొన్న కట్టుబాటే నేడు పెక్కుదేశములలో వాడుకలోనున్నది. మనదేశమునకు తగినట్లు దానిని మార్చి, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారు 2010లో మార్గసూత్రములను ప్రకటించిరి.

మరియొక నియమము వినుటకు వింతగా నుండును: అధికారి గొట్టము పట్టరాదు. పట్టినచో అతడు శూరుడుగా కనబడును గాని అతని చూపు ఆ గొట్టపు మొన దాటి పోదు. వెనుక గోడ పగులుట, గాలి తిరుగుట, తనవాడొకడు పొగలో చిక్కుట అతనికి తెలియదు. కళ్ళముమీద నిలిచిన రైతు తానే చేట పట్టుకొని కూర్చున్నచో కూలీలను, బండ్లను, మబ్బును చూచువాడెవడు? అధికారి పనియు నట్టిదే.

ఈ నియమములు ఎవరో గదిలో కూర్చుండి వ్రాసినవి కావు. ప్రాణములు పోగా నేర్చినవి. మూడు ఉదాహరణములు చెప్పెదను.

స్కాట్లండు దేశమున ఎడింబరో నగరమున 1824లో జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ అను యువకుని అగ్నిమాపకదళమునకు అధిపతిగా నియమించిరి. కొలది వారములకే, నవంబరు 15వ తేదీన, ఆ నగరమున మహాగ్ని పుట్టినది. అధిపతి యున్నను, నగరపు పెద్దలు, న్యాయాధికారులు ఎవరికి తోచినట్లు వారు ఆజ్ఞలిచ్చిరి. ఒకరు ఇటు లాగుమనిన, వేరొకరు అటు లాగుమనిరి. నగరమున కొంతభాగము తగులబడినది. అటుతరువాత విచారణ జరిగి, నిప్పు ముందర అధిపతి యొక్కనిదే మాటయని స్థిరపరచిరి. బ్రెయిడ్‌వుడ్ తనవారికి తెల్లవారకమున్నే చీకటిలో సాధకము చేయించెడివాడు. అనంతరము లండను నగరపు దళమునకు నాయకుడై, 1861లో టూలీ వీథిలో మంటల నార్పించుచు, కూలిన గోడక్రింద పడి మరణించెను.

రెండవది మనదేశపుది. 1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి రేవులోని విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికిన్ అను ఓడ నిలిచియుండెను. అది యుద్ధకాలము. ఆ ఓడలో ప్రేలుడు సామగ్రియు, కరాచీలో నెక్కించిన దూదిబేళ్ళును ఒకటిగా నింపబడియుండెను. మధ్యాహ్నము దూదిలో పొగ కనబడెను. దళమువారు వచ్చి గొట్టములు దించిరి. పొగలో నిప్పు మూలము దొరకలేదు. ఓడను ముంచవలెనా, రేవు వెలుపలికి లాగించవలెనా, ఉన్నచోటనే ఆర్పవలెనా? ఓడనాయకుడొకడు, రేవు అధికారులు కొందరు, సైన్యపువారొకరు, దళమువారొకరు. నిశ్చయముగా ఆజ్ఞాపించువాడు లేడాయెను. సాయంకాలము నాలుగు గంటలు దాటిన కొలది నిమిషములకు ఓడ ప్రేలెను. రేవులో పెద్దభాగము నాశమాయెను, వందలకొలది జనులు మరణించిరి, అగ్నిమాపకదళమువారే 66 మంది బలియైరి. ఆ వీరుల స్మృత్యర్థమే ఏటేట ఏప్రిల్ 14వ తేదీని అగ్నిమాపక దినముగా దేశమంతటను జరుపుచున్నారు. వారి ధైర్యమునకు లోపము లేదు. లోపమంతయు నిర్ణయించువాడు లేకపోవుటయందే కలదు.

మూడవది ఎండుగడ్డి కథ. ఇది మన కొండవాలులకు దగ్గర. 1949 ఆగస్టు 5వ తేదీన అమెరికాలోని మాంటానా రాష్ట్రమున మాన్ గల్చ్ అను లోయలో కార్చిచ్చు ఆర్పుటకై 15 మంది విమానమునుండి గొడుగులతో దుమికిరి. క్రింద నున్న అడవికాపరి యొకడు వారితో కలిసెను. గాలి లేచి, నిప్పు ఎండుగడ్డిమీదుగా కొండపైకి వారిని తరిమినది. నాయకుడైన డాడ్జ్ పరుగు నిలిపి, తన ముందరి గడ్డికి తానే నిప్పు ముట్టించి, కాలిన ఆ నేలమీద పండుకొని తనవారిని రమ్మని పిలిచెను. మేత తీసివేయు ఉపాయమే యది. కాని దానిని వారెవ్వరును అంతకుముందు చూడలేదు. నాయకునికి మతి చలించినదని తలచి పరుగెత్తిరి. పదుముగ్గురు మరణించిరి, డాడ్జ్ బ్రతికెను. ఉపాయము మంచిది, మాటయు వినబడినది. కాని నమ్మకము లేదు. నాయకుడును అతని మనుషులును అంతకుముందు చాలినంతగా కలిసి సాధకము చేసినవారు కారు. కాబట్టి నాయకత్వము ఆపద వచ్చిన గడియలో పుట్టునది కాదు. దానికి ముందే కుదిరియుండవలెను.

ఇక మన నేలకు వత్తము. 2012 మే 22వ తేదీ రాత్రి తెల్లవారకముందు పెనుకొండ స్టేషనులో హంపీ ఎక్స్‌ప్రెస్ గూడ్సు బండిని ఢీకొని, పెట్టె యొకటి అంటుకొన్నది. ఇరువదిమందికి పైగా మరణించిరి. 2013 డిసెంబరు 28వ తేదీ వేకువన బెంగుళూరునుండి నాందేడు పోవు ఎక్స్‌ప్రెస్సులో కొత్తచెరువు దగ్గర ఏసీ పెట్టె యొకటి కాలి 26 మంది చనిపోయిరి. ఈ రెండు ఊళ్ళును అప్పటి అనంతపురము జిల్లాలోనివి. 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఇట్టి ఆపదలు నిద్రవేళను వచ్చును, రోడ్డునకు దూరముగా వచ్చును. ఎంత చురుకైన దళమైనను దారి దాటి రావలెను గదా. అది వచ్చునంతవరకు అక్కడనున్నవారే దళము; వారిలో పదిమంది మాట వినెడివాడే అధికారి. గ్రామములోనైనచో అట్టివారు మీరే. అందుచేతనే ఈ ప్రసంగమును పెద్దలైన మీకు వినిపించుచున్నాను.

ముందుగా చేయవలసినవి కొన్ని కలవు. ఊరిలో ఏ బావిలో ఎంత లోతున నీరున్నది, ఏ బోరు ఎంత పోయును, చెరువుగట్టుమీదికి బండి పోగలదా, మోటారుగది తాళము ఎవరియొద్ద నున్నది యను సంగతులను ఒక కాగితముమీద వ్రాసి పంచాయతీ కచేరిలో అంటింపుడు. ఎండలు ముదురునప్పుడు దానిని సరిచూచుకొనుడు. వాములను ఇండ్లకు దూరముగా, ఒకదాని కొకటి ఎడముగా వేయింపుడు. ఫైరింజను తిరుగలేని సందున బండ్లు, బండలు అడ్డముంచవలదు. నిప్పు లేచినప్పుడు 101 సంఖ్యకు ఫోను చేయువాడొకడు, రోడ్డుమీద నిలిచి దారి చూపువాడొకడు, లైనుమన్‌కు చెప్పి కరెంటు తీయించువాడొకడు అని ముందే యేర్పరుపుడు. కరెంటు తీయకమున్ను తీగలున్న చోట నీరు చల్లరాదు.

దళము వచ్చిన పిమ్మట ఊరి తరఫున ఒక్కరే అధికారితో మాటలాడవలెను. లోపల ఎవరున్నారు, గ్యాసు బండలు, డీజిలు, పురుగుమందులు ఎక్కడ నున్నవి యని దాచక చెప్పవలెను. ‘లోపల నెవ్వరును లేరు’ అని తెలియక చెప్పినను, ‘ఉన్నారు’ అని ఊహించి చెప్పినను ఒకరి ప్రాణము పోవచ్చును. తెలియనిచో తెలియదనుటయే మేలు.

కడపట, అన్నిటికన్న కష్టమైన మాట. మనము ఊహించిన ఊరిలో మూడవ వామిని లాగివేయుమని అధికారి యన్నాడు. అవసరమైనచో అడ్డమున్న కట్టడమును పడగొట్టుటకు, దొరికినచోట నీరు తీసికొనుటకు 1999 నాటి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక చట్టము అతనికి అధికార మిచ్చుచున్నది. కాని ఆ వామి ఎవరిది? ఏడాది పొడుగున పశువులను నిలుపుకొనుటకు ఒక పేదరైతు దాచుకొన్న మేత యది. ఊరిలో రెండు పార్టీలున్నచో చిక్కు ఇంకను పెరుగును. ‘వారి ఇండ్లు నిలుపుటకు మా వామి పెరుకుదురా?’ అని యొకడు కఱ్ఱ పట్టుకొని అడ్డము నిలుచును. అతని కోపమున న్యాయము లేకపోలేదు. అతనితో వాదించుచుండగనే నిప్పు సందు దాటును; అప్పుడు రెండు పార్టీల ఇండ్లును కాలును.

ఆ గడియలో చట్టము చదివి వినిపించుటకు వ్యవధి యుండదు. అక్కడ పనిచేయునది మీ నోటిమాట యొక్కటియే. ఆ మాట చెల్లవలెనన్నచో ముందుగనే గ్రామసభలో ఒక ఒప్పందము చేసికొనవలెను: ఊరిని కాపాడుటకై ఎవని వామి తీసినను, ఎవని కొట్టము దించినను, ఆ నష్టమును ఊరంతయు పంచుకొనును, ఏ పార్టీవాడైనను సరే. వాము కొకింత మేత, ఇంటి కొక కూలి యని లెక్కవేసి కాగితముమీద వ్రాసియుంచుడు. అట్లు వ్రాసికొన్న ఊరిలో అడ్డము నిలిచినవాడు కఱ్ఱ దించును. వ్రాసికొనని ఊరిలో అతడు దించడు, దించుమనుట ధర్మమును కాదు. డాడ్జ్ పిలిచినప్పుడు అతనివారు రాకపోవుటకు కారణము ఇట్టి ముందునమ్మకము లేకపోవుటయే గదా.

మన సీమలో నీరు తక్కువ. దానిని మనము పెంచలేము. కాని ఉన్న పది నిమిషముల నీటిని వాదములలో పోగొట్టుకొనక ఊరిని నిలుపుకొనుట మన చేతిలోని పని. ఈ చైత్రమునకు ముందే మీ గ్రామసభలో ఈ సంగతి ఒకపూట చర్చింపుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.